లావు బుల్లెట్టు ఎమ్మెట్ సన్న బుల్లెట్టుకి మారిన వైనం

ఎమ్మెట్ టాలెఫ్‌సన్‌కి బుల్లెట్లు ఏరుకోవడం తప్ప ఇంకో జబ్బు లేదు. ఆ ఒక్కటే డ్రై ఫోర్క్ ఊరంతటికీ సరిపోయేది. పుచ్చకాయ కొనేవాడు తట్టి చూసి, చెవి దగ్గర పెట్టుకుని విని, తొడిమ గిల్లి, చివరికి దాన్ని పెట్టేసి పక్కది తీసుకుంటాడు చూడండి, ఆ తంతంతా ఆయన ఒక్కో బుల్లెట్టుకీ జరిపించేవాడు. మోంటానాలో చలికాలం అంత పొడుగ్గా ఎందుకుంటుందో పెద్ద చదువులు చదివినవాళ్ళు ఏవేవో చెబుతారు. అవన్నీ వొట్టి మాటలు. ఎమ్మెట్ ఒక డబ్బా బుల్లెట్లు ఏరడం పూర్తయ్యేదాకా వసంతం ఊరి బయట నిలబడి ఉండేది, అంతే.

దుకాణంలో తయారుగా దొరికే తూటాలు ఆయన ముట్టడు. ఇత్తడి గొట్టం, అందులో మందు, దాని మూతిలో బుల్లెట్టు, అన్నీ వంటింటి బల్ల మీద తనే కూర్చుకుంటాడు. ముందు బుల్లెట్టుని తూస్తాడు. ఆ త్రాసు ఎంత సున్నితమంటే, పక్కింట్లో ఎవరైనా నిట్టూరిస్తే దాని ముల్లు కదులుతుంది. అందుకని జనవరిలో కూడా తూకం మొదలవగానే హీటరు ఆపేస్తాడు. ఆయన కుక్కకి ఆ సమయంలో తోక ఊపకూడదని తెలుసు. వెల్డా ప్రాసర్‌కి మాత్రం ఎన్నేళ్ళు చెప్పినా తెలిసేది కాదు.

వెల్డా ఆ ఊళ్ళో స్కూలు బస్సు నడుపుతుంది. అరవై దాటినా ఆవిడ కేకేస్తే బస్సులో ఆఖరి సీటు దాకా నిశ్శబ్దం. రైఫిల్ క్లబ్బులో ఎమ్మెట్ పక్కనే పడుకుని గురి చూసే మనిషి. ఆదివారం పూట ఆయనకి ఆపిల్ పై కాల్చి తెచ్చి పెట్టి, కోటు విప్పకుండానే కుర్చీలో కూర్చునేది.

"ఎమ్మెట్, కాఫీ గడ్డకట్టింది."

"ష్!"

"నా ముక్కు కూడా."

"ముక్కు సంగతి తర్వాత చూద్దాం. ఊపిరి అటు తిప్పి వదులు."

"నువ్వు ఏరి పారేసిన దానికీ, దాచుకున్న దానికీ తేడా ఏంటయ్యా?"

"ఇది కాస్త ఆలోచనలో ఉన్నట్టుంది. అది స్థిరంగా ఉంది."

ఆలోచనలో ఉన్న బుల్లెట్లన్నీ ఓ బకెట్లోకి పోయేవి. ఊళ్ళో చేపలు పట్టేవాళ్ళంతా గాలానికి బరువు కోసం ఆ బకెట్ మీదే పడేవాళ్ళు. మిల్క్ రివర్ అడుగున ఎమ్మెట్‌కి నచ్చని బుల్లెట్లు ఎన్ని పేరుకున్నాయంటే, నది ఆ వంపు దగ్గర ఒక మెట్టు ఎత్తు పెరిగిందని చెప్పుకుంటారు.

క్లబ్బు పోటీలు నడిపే లెరాయ్ కుబిట్జ్‌కి ఒకసారి ఆయనతో పని పడింది. లెరాయ్ గడ్డి చేను నిండా నేల ఉడతలు చేరి, కన్నాలు తవ్వి జల్లెడ చేసేశాయి. మే నెలలో ఫోను చేశాడు. "వస్తున్నా, దీనికి సరైన బుల్లెట్టు చూసుకుని వస్తున్నా," అన్నాడు ఎమ్మెట్. వచ్చింది జూలై చివర్లో.

"ఎమ్మెట్, ఉడతలేవి?" అన్నాడు లెరాయ్ చేను గట్టున నిలబడి.

"నన్నడుగుతావేం? చేను నీది."

"అవి ఏటా ఈపాటికి నేలలోకి దూరి నిద్రపోతాయి. మళ్ళీ వసంతానికే లేస్తాయి. నేను పిలిచింది ఎప్పుడు, నువ్వొచ్చింది ఎప్పుడు?"

"తొందరపడితే ఎలా లెరాయ్? ఉడతకి వేసేది తేలిగ్గా ఉండాలి, పైన రాగి తోలు పల్చగా ఉండాలి. గురి తప్పి నేల తగిలితే అక్కడే పొడైపోవాలి. అంతేగానీ ఎగిరెళ్ళి పక్కవాళ్ళ ఆవు పొట్టలో దూరకూడదు. టార్గెట్ మీద వేసేది పొడుగ్గా, బరువుగా, గాలిని కోసుకుంటూ పోవాలి. దానికి వాడేది దీనికి వాడితే నీ పక్కింటాయన ఆవులన్నిటికీ నేను సంజాయిషీ చెప్పుకోవాలి."

"ఉడతలు చచ్చినా బాగుండేది, ఆవులు చచ్చినా బాగుండేది. ఏదో ఒకటి జరిగేది," అని లెరాయ్ టోపీ నేలకేసి కొట్టాడు.

టార్గెట్ విషయానికొస్తే ఎమ్మెట్ లావు బుల్లెట్టు భక్తుడు. ముప్పై ఏళ్ళుగా అదే. వెల్డాది సన్న బుల్లెట్టు. ఆవిడ తూటా కనబడితే చాలు, చేతిలోకి తీసుకుని, "ఇది బుల్లెట్టా, పళ్ళు కుట్టుకునే పుల్లా?" అనేవాడు. "నీది బుల్లెట్టా, బంగాళాదుంపా?" అనేది వెల్డా. ఇద్దరూ వెయ్యి గజాల దూరాన ఉన్న గురి మీదే కొట్టేవాళ్ళు. తేడా ఒక్కటే. ఎమ్మెట్ పేరు క్లబ్బు బోర్డు మీద ఇత్తడి పలకలో ఉంది. వెల్డా పేరు లేదు.

ఆ పలక సంగతి చెప్పాలి. వెయ్యి గజాల పోటీలో ఇరవై తూటాలు, నడి వలయంలో పడ్డ ఒక్కోదానికి పది, మొత్తం రెండొందల మార్కులు. నూట తొంభై వస్తే పేరు ఇత్తడి మీద చెక్కి బోర్డుకి కొడతారు. వెల్డాకి నూట ఎనభై తొమ్మిది వచ్చేది. ఒక ఏడు కాదు, రెండేళ్ళు కాదు. ఆ అంకె ఆవిడకి ఇంటిపేరులా అంటుకుంది. అయినా రోజూ పొద్దున బస్సు తీసేముందు వంటింట్లో ఖాళీ తుపాకీ పెట్టుకుని ట్రిగ్గర్ నొక్కడం సాధన చేసేది. మంచు పడుతుంటే అవతల పొలానికెళ్ళి గాలి చూసుకునేది.

ఈలోగా క్లబ్బు నేల అమ్ముడుపోయింది. కొన్నవాళ్ళు అక్కడ ఎండ పలకలు పెట్టి కరెంటు తీస్తారట. వచ్చే సెప్టెంబరులో ఆఖరి పోటీ. ఆ తర్వాత బోర్డు తీసుకెళ్ళి ఊరి కాఫీ హోటల్లో, సరిగ్గా వెల్డా రోజూ టిఫిను చేసే బల్ల పైన తగిలించాలని తీర్మానించారు. అంటే తన పేరు లేని ఆ బోర్డుని బతికున్నంత కాలం గుడ్లు తింటూ చూడాలి.

"హోటలు మార్చు," అన్నాడు లెరాయ్.

"ఊళ్ళో ఉన్నది ఒకటే. పేరే ఎక్కిస్తాను," అంది వెల్డా.

ఆ చలికాలమే ఊరు నోరు వెళ్ళబెట్టే సంగతి జరిగింది. ఎమ్మెట్ తన తుపాకీ గొట్టం విప్పించి, సన్న బుల్లెట్టు గొట్టం వేయించుకున్నాడు. చర్చి పాదిరిగారు మతం మార్చుకున్నా ఊళ్ళో అంత గోల జరిగేది కాదు.

"ఏవయ్యా, పళ్ళు కుట్టుకోవడానికా?" అంది వెల్డా.

"భుజం నొప్పి. లావుది పేలినప్పుడు తన్నే దెబ్బకి డాక్టరు వద్దన్నాడు."

లెరాయ్ అడిగితే పాత గొట్టం అరిగిపోయిందన్నాడు. హోటలాయన అడిగితే సన్నది కలలోకి వచ్చిందన్నాడు. ఇంకెవరో అడిగితే రాగి కరువు అన్నాడు. ముప్పై ఏళ్ళుగా ఏరి పెట్టుకున్న లావు బుల్లెట్లన్నీ పక్కనబెట్టి, కొత్త డబ్బాలు తెప్పించి, మొదట్నుంచీ ఏరడం మొదలుపెట్టాడు. ఆ యేడు వసంతం జూన్‌లో గానీ రాలేదు.

ఆఖరి పోటీ నాడు గాలి కోతిలా ఆడింది. జెండాలు ఒక్కోటి ఒక్కో దిక్కు చూపించాయి. వెల్డా ఏడో టార్గెట్ ముందు, ఎమ్మెట్ ఎనిమిదో టార్గెట్ ముందు బోర్లా పడుకున్నారు. అవతల టార్గెట్ల కింద గోతిలో మనుషులుంటారు. తుపాకీ పేలగానే టార్గెట్ కిందికి దించి, కన్నం మీద బిళ్ళ గుచ్చి, పైకెత్తి చూపిస్తారు.

వెల్డా పళ్ళు బిగించి కొట్టింది. పదులు, తొమ్మిదులు. ఇక రెండు తూటాలు మిగిలేసరికి పోయినవి ఎనిమిది మార్కులు. ఇంకో రెండు దాకా పోవచ్చు, అంతకన్నా పోకూడదు. పంతొమ్మిదో తూటాకి ట్రిగ్గర్ మీద వేలు బిగిసిన క్షణంలోనే మధ్య జెండా చప్పగా వాలిపోయింది. ఆవిడ తుపాకీ పేలింది. దాన్ని అంటుకునే పక్క తుపాకీ కూడా పేలింది.

ఎడమకి పోయింది, ఎనిమిదే, అని వెల్డాకి టార్గెట్ లేవకముందే తెలుసు. అది లేచింది. బిళ్ళ పది వలయం నడిబొడ్డున ఉంది. పక్కన ఎమ్మెట్ టార్గెట్ మీద కన్నమే లేదు.

లెరాయ్ చేతిలో రేడియో గరగరలాడింది. గోతిలోంచి గొంతు. "ఏడో నంబరులో రెండు కన్నాలున్నాయి. ఒకటి పది, ఒకటి ఎనిమిది. ఎనిమిదో నంబరు వాళ్ళెవరో పక్క టార్గెట్ మీద కొట్టారు."

"కన్నం సైజు చూడండి. ఏది ఎవరిదో తెలుస్తుంది కదా," అన్నాడు లెరాయ్.

"రెండూ ఒకటే సైజు."

"అయితే రూలు ప్రకారం పెద్ద మార్కు ఏడో నంబరుదే. వెల్డా, పది నీది. ఎమ్మెట్, నీకు సున్నా. కళ్ళు పోయాయా నీకు?"

"పోయినట్టున్నాయి," అన్నాడు ఎమ్మెట్ దీనంగా.

వెల్డా ఆయనకేసి చూసింది. రెండూ ఒకటే సైజు. పోయిన యేడు అయితే లావు కన్నం చూసి గోతిలోవాళ్ళు ఎమ్మెట్‌ది అని తీసి పారేసేవాళ్ళు. భుజం నొప్పీ, రాగి కరువూ, కలా, చలికాలమంతా ఆ ఏరడం, అన్నీ ఆవిడకి ఒక్కసారిగా అర్థమయ్యాయి.

"నాది ఎనిమిది. రాసుకో లెరాయ్."

"రూలు నీ వైపే ఉంది కదే!"

"రూలుకి ఏం తెలుసు? నా వేలికి తెలుసు. ఎనిమిది రాయి."

"వెల్డా," అని గొంతు తగ్గించాడు ఎమ్మెట్. "ఇంక పదే కొట్టాలి. గాలి చూశావా?"

"రేపట్నుంచీ ఆ బోర్డు కింద గుడ్లు తినాల్సింది నేను. నీ బుల్లెట్టు నా గొంతులో అడ్డం పడుతుంది. ఏదీ, నీ తుపాకీ బోల్టు తీసెయ్."

"ఎందుకూ?"

"తీసి చాప మీద పెట్టు. నాకు కనబడేలా."

అది లేకపోతే తుపాకీ పేలదు. ఎమ్మెట్ బడిలో పట్టుబడ్డ పిల్లాడిలా బోల్టు లాగి చాప మీద పెట్టాడు. వెల్డా చెంప తుపాకీకి ఆనించింది. జెండా లేచింది, వాలింది, మళ్ళీ లేచింది. ఆవిడ ఆగింది. లెరాయ్ గడియారం చూసి గొంతు సవరించుకున్నాడు. ఆగింది. జెండా ఒక ఎత్తున నిలబడేదాకా ఆగింది, అప్పుడు నొక్కింది.

టార్గెట్ దిగింది. ఎంతకీ లేవలేదు. గోతిలో ఎవరో భూతద్దం అడుగుతున్నట్టు రేడియోలో వినపడింది. చివరికి లేచింది. బిళ్ళ పది వలయం గీత మీద కూర్చుని ఉంది, లోపలికి ఒక కాలు వేసి. గీత తగిలితే చాలు, పదే. మొత్తం నూట తొంభై.

అందరూ వెల్డా మీద పడి భుజాలు విరిగేలా చరిచారు. సందడి తగ్గాక ఆవిడ ఎమ్మెట్ ట్రక్కు దగ్గరికి వెళ్ళింది.

"ఎలా జరిగింది అదీ?"

"బుల్లెట్టు దారి తప్పింది."

"దారి తప్పి నా టార్గెట్ పది వలయం నడిబొడ్డుకి వెళ్ళిందా? వెయ్యి గజాల అవతల?"

ఎమ్మెట్ వంగి టైరు తట్టి చూశాడు. "బుల్లెట్టు మంచిది," అన్నాడు. "ఏరి పెట్టుకున్నది."

ఆ వారమంతా ఊరు ఆయన్ని చీల్చి చెండాడింది. హోటలాయన ఆయన కాఫీ తెచ్చి పక్క బల్ల మీద పెట్టి, "నీకు అలవాటే కదా," అన్నాడు. చర్చిలో కానుక పళ్ళెంలో కాక పక్కవాళ్ళ ఒళ్ళో వేస్తావేమో చూసుకోమన్నారు. ఎమ్మెట్ "ముసలితనం, ఏం చేస్తాం," అంటూ అన్నిటికీ తల ఊపేవాడు. అందరికన్నా గట్టిగా నవ్వింది వెల్డానే. మంచివాడని ఊళ్ళో తెలిసిపోతే ఆ మనిషి ఇంట్లోంచి బయటికి రాడని ఆవిడకి తెలుసు.

శనివారం వెల్డా బస్సు షెడ్డులో కూర్చుని ఒక చెక్క మీద పసుపు రంగుతో పెద్ద బాణం గీసింది. కింద "ఎమ్మెట్ టార్గెట్ ఇటు" అని రాసి, తీసుకెళ్ళి, అందరి ముందూ ఆయన చేతిలో పెట్టింది. ఎమ్మెట్ దాన్ని వెలుతురులో పట్టుకుని, ఒక కన్ను మూసి, చాలాసేపు పరీక్షగా చూశాడు.

"బాణం కాస్త ఎడమకి పోయింది," అన్నాడు.

"గాలి," అంది వెల్డా.

ఆయన దాన్ని తన ట్రక్కు వెనక అద్దానికి బిగించుకుని, ఊరంతా రెండుసార్లు తిరిగి ఇంటికెళ్ళాడు.