స్క్రీను అతని వైపు తిప్పాను

కొన్నేళ్లుగా ఇది ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునేంత పెద్ద విషయం కాదని నన్ను నేనే నమ్మించుకుంటూ వచ్చాను. ఇక ఆ ఓపిక లేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెబుతున్నాను.

చిత్తూరులో ఒక రక్తపరీక్షల ల్యాబులో పేరు, వయసు, అడ్రసు, ఫోన్ నంబరు అడిగి కంప్యూటర్లో ఎక్కించేది నేనే. జనం అందరూ వినేలా గట్టిగా చెప్పేస్తారు. ఎవరికీ చెప్పొద్దని అడిగినవాళ్లు లేరు. ఒక్కామె తప్ప.

ఆమె పేరు రాయను. ఒకసారి బయటపెట్టింది చాలు. థైరాయిడ్ పరీక్షకు ఎప్పుడూ భర్తతో వచ్చేది. ఆ రోజు ఒంటరిగా వచ్చింది. బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని దొరికిందట, అక్కడే గది తీసుకుందట. పాత వివరాలు తీసేసి కొత్తవి ఎక్కించమని, ముందుకు వంగి మెల్లగా చెప్పింది.

"అన్నా, ఇవి ఎవురికీ ఇయ్యొద్దు. మా ఇంటాయన వచ్చి అడిగినా ఇయ్యొద్దు."

"నీ నంబరు ఎవురికి కావల్ల మా? ఈడికొచ్చేటోళ్లంతా చెప్తానే ఉండారు గదా," అని నవ్వాను.

"నాకు భయంగా ఉండాదన్నా."

సరేనన్నాను. నిజంగా విన్నానా? చెవిన పడింది, అంతే.

కొద్దిరోజులకు భర్త వచ్చాడు. తెలిసిన ముఖమే. ఆమె ఫోను కలవడం లేదు, మందులు పంపాలి, మీ దగ్గరున్న వివరాలు సరిగా ఉన్నాయో లేదో చూడమన్నాడు. నేను స్క్రీను అతని వైపు తిప్పాను. ఫొటో తీసుకుని వెళ్లిపోయాడు.

ఆమె మాట ఆ క్షణంలో గుర్తు రాలేదని చాలాకాలం చెప్పుకున్నాను. అబద్ధం. గుర్తొచ్చింది. మొగుడే కదా అనుకున్నాను, వెనక జనం నిలబడి ఉన్నారు, ఇతన్ని పంపేస్తే పని సాగుతుందనుకున్నాను. అంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండేదేమో!

మామిడికాయల కాలం అయిపోయాక ఆమె మళ్లీ వచ్చింది. ఎడమ చేతికి కట్టు. ఆపరేషనుకు ముందు చేయించే పరీక్షలు. పక్కనే భర్త. అలవాటుగా అడ్రసు అడిగాను. ఆమె తలెత్తలేదు.

"పాతదే. నంబరు నాది ఏసుకో," అన్నాడతను.

వేసుకున్నాను. చెయ్యి ఎలా విరిగిందని అడగలేదు. చూపించింది నేనేనని ఆమెకు తెలుసా? అదీ అడగలేదు. రక్తమిచ్చి అతని వెనకే వెళ్లిపోయింది. మళ్లీ కనబడలేదు.

నన్నెవరూ తప్పుపట్టలేదు. ఒకసారి వేరే ఎవరి కథో అన్నట్టు తోటి ఉద్యోగికి చెప్పి చూశాను. మొగుడికి చెప్తే ఏమైందన్నాడు. తప్పని అనుకునేవాళ్లే చుట్టూ లేనప్పుడు, క్షమించమని ఎవర్ని అడగను?

క్షమించమని మిమ్మల్నీ అడగడం లేదు. ఆమె దాక్కున్న చోటు అతనికి చూపించింది నేను. తెలిసే చూపించాను. ఇన్నేళ్లూ ఈ మాట మనసులో కూడా పూర్తిగా అనుకోలేదు. ఇప్పుడు రాశాను.