ముందు మాస్కు కొన్నాం

పుదుచ్చేరి సముద్రంలో, ఇంటి డాబా ఎత్తుకు రెండింతల లోతున ఉండగా నా మాస్కులోకి నీళ్లు రావడం మొదలైంది. స్కూబా డైవింగ్ కోర్సు చివరి రోజు అది. అద్దె మాస్కు. ఎంతమంది ముఖాలకు పెట్టారో ఏమో, దాని రబ్బరు అంచు ఒకపక్క వంగిపోయి ఉంది. నేర్పినట్టే తల పైకెత్తి ముక్కుతో గట్టిగా గాలి వదిలాను. నీళ్లు పోయాయి. కాసేపటికి మళ్లీ కళ్ల దాకా వచ్చాయి. మళ్లీ వదిలాను, మళ్లీ వచ్చాయి. చివరికి కంగారులో ముక్కుతో పీల్చేశాను. ఉప్పునీరు గొంతులోకి దిగింది. పక్కనే ఉన్న మా ఆడపడుచు నా మోచేయి పట్టుకుంది. నేర్పే అతను వచ్చి మా ఇద్దరినీ మెల్లగా పైకి తెచ్చాడు.

పడవలో కూర్చుని దగ్గుతూ ఒక్కటే అనుకున్నాను. నా ముఖానికి నా మాస్కు ఉండాలి. ఒడ్డు చేరేలోపు ఆ ఒక్కటి కాస్తా మొత్తం సామానైంది. మాస్కు, కాళ్లకు ఫిన్స్, సిలిండర్ గాలిని పీల్చుకోగలిగేట్టు నోటికి అందించే రెగ్యులేటర్, గాలి నింపితే తేల్చి, తీస్తే దించే జాకెట్, ఎంత లోతులో ఎంతసేపు ఉండొచ్చో చెప్పే చేతి కంప్యూటర్. అన్నీ నావే కావాలి.

ఆ వేసవి నుంచి నేను కుదురుగా కూర్చున్నది లేదు.

మేముండేది సాగర్ డ్యాం పక్కనున్న విజయపురి సౌత్‌లో. మా ఆయనది ఇరిగేషన్‌లో ఉద్యోగం. నేను బస్సులో మాచర్ల వెళ్లి జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి వస్తాను. మా ఆడపడుచు, అంటే మా ఆయన చెల్లెలు, గురజాలలో ఉంటుంది. మొగుడూ పెళ్లాలిద్దరూ విత్తనాలు, పురుగుమందుల షాపు నడుపుతారు. అంతకు ముందేడు రెండు కుటుంబాలూ కలిసి అండమాన్ వెళ్లినప్పుడు, మగవాళ్లు ఒడ్డున కొబ్బరిబోండాలు తాగుతూ ఉంటే మేమిద్దరం సరదాకని నీళ్లలోకి దిగాం. పైకొచ్చాక ఆమె మాస్కు నుదుటి మీదికి నెట్టి నీళ్లవైపే చూసింది. తర్వాత, "వదినా, ఇది నేర్చుకోవాల్సిందే" అంది. అలా పుదుచ్చేరి దాకా వెళ్లాం.

ఇంటికొచ్చాక నాకు ఏ పనీ సాగేది కాదు. స్టాఫ్ రూములో జవాబు పత్రాలు ముందు పెట్టుకుని ఫోనులో ఫిన్స్ చూసేదాన్ని. నిన్న బాగుందనుకున్న రెగ్యులేటర్ ఇవాళ ఎవరో బాగాలేదని రాస్తే మళ్లీ మొదటి నుంచి వెతికేదాన్ని. బస్సు సీటులో కూర్చుని ఊపిరి తీసే తీరు సాధన చేసేదాన్ని. మెల్లగా లోపలికి, మెల్లగా బయటికి. పక్కనామె ఒకరోజు, "ఆయాసమా అమ్మా?" అని కిటికీ పక్క సీటు ఇచ్చింది. కాదని చెప్పలేక కూర్చున్నాను.

ఇంటి ముందుకొస్తే చాలు, కనుచూపు మేర సాగర్ నీళ్లే. అందులో దిగనివ్వరు. దిగనిచ్చినా ఆ ప్రవాహం ఆడుకునేది కాదు. అంత నీటిని రోజూ చూస్తూ పొడిగా బతకడం అంతకుముందు నాకెప్పుడూ కష్టమనిపించలేదు. ఇప్పుడు వంటింటి కిటికీ మూసి వండుకునేదాన్ని.

ఒకరోజు భోజనాల దగ్గర ఉండబట్టలేక చెప్పాను. "రెగ్యులేటర్ ఒకటి కొందామనుకుంటున్నాను."

మా ఆయన పెరుగు కలుపుకుంటూ, "ఏందీ, కుడికాలవ మీద ఉండేదా?" అన్నారు. ఆయన ఉద్యోగం అంతా ఆ కాలవ రెగ్యులేటర్ గేట్లతోనే. నేను ఫోనులో బొమ్మ చూపించాను. కింద ధర చూసి ఫోను మా అత్తగారి చేతికిచ్చారు.

ఆవిడ కళ్లజోడు సర్దుకుని చూసింది. "ఈ డబ్బుకి ఈనిన గేదె వచ్చిద్దే. పాలన్నా ఇచ్చిద్ది."

"గేదెను సముద్రంలోకి తీసుకుపోలేం కదత్తయ్యా."

"తీసుకుపోతే అదే ఈదిద్ది. దానికి ఈ గొట్టాలన్నీ ఎందుకు?" అంది. మా ఆయన నవ్వాపుకోలేక లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్లారు. కొనొద్దని మాత్రం ఇద్దరూ అనలేదు. చీటీ పాడిన డబ్బు నా దగ్గర కొంత ఉంది, ఆడపడుచు దగ్గర కొంత ఉంది. రెండూ కలిపినా కొత్త సామాను పూర్తిగా ఒక్కరికే వస్తుంది. డైవింగులో తోడు లేకుండా ఎవరూ దిగకూడదన్నది మొదటి నియమం. ఒకరి సామానుతో ఇద్దరం దిగలేం. ఒకరు ఒడ్డున కూర్చుంటే రెండోవాళ్లూ కూర్చోవాల్సిందే.

అప్పుడు సెకండ్ హ్యాండ్ సెట్ కంటపడింది. హైదరాబాద్‌లో ఒకతను మొత్తం సామాను సగానికన్నా తక్కువకే అమ్ముతున్నాడు. అలాంటిదే ఇంకొకటి తన స్నేహితుడి దగ్గర కూడా ఉందన్నాడు. ఫొటోల్లో అన్నీ కొత్తవాటిలా ఉన్నాయి. వేరే ఎవరైనా కొనేస్తారేమోనని నాకు అన్నం సహించలేదు. ఆదివారం తెల్లవారగానే ఆడపడుచు గురజాల నుంచి వచ్చేసింది. ఇద్దరం హైదరాబాద్ బస్సెక్కాం.

అతను సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మర్యాదస్తుడు. ఎనిమిదో అంతస్తులో ఫ్లాటు. బాల్కనీలో ఎండ పడే చోట ఒక పెద్ద సంచి. "పెళ్లికి ముందు కొన్నానండీ. రెండుసార్లు వాడానేమో" అంటూ అందులోంచి ఒక్కొక్కటీ తీసి టీపాయ్ మీద పరిచాడు. నల్లగా, బరువుగా, నిజమైన సామాను. నా చేతులు వాటంతటవే ముందుకెళ్లాయి. రెగ్యులేటర్ నోట్లో పెట్టుకునే ముక్క వేళ్లకు జిగటగా అంటుకుంది. ఏళ్ల తరబడి ఎండలో ఉన్న రబ్బరు ఏమవుతుందో పిల్లలకు బోర్డు మీద రాసి చెప్పేదాన్ని నేనే. గొట్టాన్ని కొంచెం వంచి చూశాను. సన్నటి పగుళ్లు జొన్నరొట్టె మీద చీలికల్లా విచ్చుకున్నాయి.

చూశాను, చూడనట్టు పక్కన పెట్టాను. సర్వీసింగ్ చేయిస్తే సరిపోతుందిలే, గొట్టాలు మారిస్తే సరిపోతుందిలే అని లోపల లెక్క మొదలైంది. అంతగా కావాలనిపించింది.

మా ఆడపడుచు జాకెట్ అందుకుంది. నోటితో ఊది గాలి నింపి, నిండిన జాకెట్‌ను సోఫాలో పసిపిల్లలా కూర్చోబెట్టింది. అతని భార్య టీ తెచ్చి ఇచ్చింది. టీ తాగుతూ అందరం జాకెట్ వైపే చూస్తున్నాం. కప్పులు ఖాళీ అయ్యేసరికి అది భుజాలు జారేసి ముందుకు వాలిపోయింది.

అతని భార్య నవ్వేసి, "తీసుకెళ్లండక్కా, ఎంతో కొంత ఇవ్వండి. బట్టలారేసుకోవడానికి చోటన్నా వస్తుంది" అంది.

"రిపేరు చేయిస్తే మళ్లీ కొత్తదవుతుందండీ" అన్నాడతను, కొంచెం సిగ్గుపడుతూ.

నేను సరే అనబోయాను. ఆడపడుచు నా చెయ్యి నొక్కి, "ఆలోచించుకుని చెబుతాం తమ్ముడూ" అని లేచింది.

తిరుగు బస్సులో సగం దారి నేను ఫోనులో ఆ ఫొటోలే చూస్తూ కూర్చున్నాను. దేవరకొండ దాటాక ఇక ఆగలేకపోయాను.

"బాగు చేయించుకునేవాళ్లం కదే. ఆ ధరకు మళ్లీ యాడ దొరుకుద్ది?"

"యాడ బాగు చేయిస్తావ్? మాచర్లలో పంక్చర్ షాపులోనా?"

"చెన్నై పంపిస్తే చేస్తారు."

"రానూపోనూ కొరియరు, మార్చే గొట్టాలు, వాళ్ల కూలి. వదినా, నీళ్లకింద ఊపిరి అందకపోతే అప్పుడు ఎవుర్ని అడుగుతావ్? మా షాపులో తేదీ దాటిన మందు డబ్బా సగం ధరకిస్తానంటే రైతు కొంటాడా? ఒకడు కొంటాడు. వాడి పంట పోయిద్ది." ఆమె గొంతు పెరిగింది. ముందు సీటువాళ్లు వెనక్కి తిరిగారు. ఆమె గొంతు తగ్గించింది. "నాకు మాత్రం ఆశ లేదా? అది సోఫాలో కూర్చున్నప్పుడు నేను దానికి పేరు కూడా పెట్టుకున్నా."

ఏం పేరని నేను అడగలేదు, కోపంగా ఉన్నాను. కొంతసేపటికి ఆమే మళ్లీ అంది. "ఉన్నదంతా సామానుకే పోస్తే సముద్రం కాడికి పోవటానికి చార్జీలు యాణ్ణించొస్తయ్? ఇంట్లో గోడకి తగిలించుకుని చూసుకుంటామా?"

బస్సు వంతెన మీదికొచ్చింది. డ్యాం నిండుగా ఉంది. ఇద్దరం ఒకే కిటికీలోంచి చూశాం.

ఆ వారమంతా ఫోనులో మాట్లాడుకుని ఒక నిర్ణయానికొచ్చాం. ముఖానికీ కాళ్లకీ పట్టేవి మాత్రం ఎవరివి వాళ్లు కొనుక్కోవాలి. రెగ్యులేటర్, జాకెట్, కంప్యూటర్ ఎప్పటికప్పుడు మంచిచోట అద్దెకు తీసుకోవాలి. మిగిలిన డబ్బు ప్రయాణాలకు.

దసరా సెలవుల్లో గుంటూరు వెళ్లి రైలెక్కి విశాఖపట్నం వెళ్లాం. డైవింగ్ సామాను అమ్మే షాపులో మాస్కు చూసుకునే పద్ధతి తేలిక. పట్టీ వేసుకోకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో కొంచెం గాలి పీల్చి చెయ్యి వదిలేయాలి. పడిపోకుండా అతుక్కుంటే అది మన మాస్కు. ఆడపడుచు మొదట పెట్టుకున్నదే అతుక్కుంది. ఆమె రెండు చేతులూ గాలిలో ఊపుతూ షాపంతా తిరిగింది.

నాది మాత్రం ఏదీ నిలబడలేదు. ఖరీదైనవి, తేలికైనవి, ఒంటి అద్దంవి, జంట అద్దాలవి, నేను ఫోనులో నెలల తరబడి చూసి మనసు పెట్టుకున్నవీ వరసగా నా ఒళ్లో పడ్డాయి. నా ముఖం సన్నం, బుగ్గల పక్కన గీతలు లోతు. ఆ గీతల్లోంచి గాలి దూరుతోంది. "నవ్వకండి మేడమ్" అంటాడు షాపతను. నేను నవ్వడం లేదు, ఏడుపొస్తోంది. మళ్లీ మొదటి నుంచి పెట్టి చూశాను. ఆడపడుచు విసుగెత్తి పక్క అరలో వెతికి ఒక చిన్న మాస్కు తెచ్చింది. పన్నెండు, పదమూడేళ్ల పిల్లల కోసం చేసింది. గులాబీ రంగు. షాపులో అన్నిటికన్నా చవక.

అది పెట్టుకున్నాను. గాలి పీల్చాను. చెయ్యి వదిలాను. కదల్లేదు. తల అటూ ఇటూ తిప్పాను. కదల్లేదు. అద్దంలో చూస్తే నలభై దాటిన కెమిస్ట్రీ లెక్చరర్, ముఖం మీద గులాబీ రంగు బొమ్మసామాను.

"వదినా, నీకోసమే పుట్టింది" అంది మా ఆడపడుచు.

తర్వాత కాళ్ల సంగతి. పాదం మొత్తం దూర్చే ఫిన్స్ చవక. దూరిస్తే మెట్టెలు వేళ్లను కోసేస్తున్నాయి. మడమ దగ్గర పట్టీ ఉండేవి కావాలంటే లోపల రబ్బరు బూట్లు కూడా కొనాలి, ఖర్చు రెట్టింపు. మెట్టెలు తియ్యాలంటే ఇంట్లో ఏమంటారోనని ఆడపడుచు అక్కడే నిలబడి వాళ్లమ్మకు ఫోను చేసింది. స్పీకర్‌లో మా అత్తగారి గొంతు షాపంతా వినిపించింది.

"నీళ్లల్లో ఎవురు చూడొచ్చారే? తీసి కొంగున ముడేసుకోండి, పైకొచ్చినాక పెట్టుకోండి. దానికి డబ్బు తగలెయ్యబాకండి."

కొంగు ఉండదని ఆవిడకు చెప్పలేదు. చవకవే తీసుకున్నాం.

ఆ రోజుల్లో సముద్రం బాగాలేదు. డైవింగ్ పడవలు కదలడం లేదు. సంచిలో మాస్కు, ముందు అలలు. ఒడ్డున ఇసుకలో అటూ ఇటూ నడిచి తిరిగి వచ్చేశాం. వర్షాలు పోయి నీరు తేటపడాలంటే ఫిబ్రవరి దాకా ఆగాలన్నారు. ఫిబ్రవరి ఎంత దూరమో అప్పుడు తెలిసింది.

కొత్త మాస్కు అద్దానికి సన్నటి జిడ్డు పొర ఉంటుంది. పళ్లపేస్టుతో రుద్దకపోతే నీళ్లలో మసకేస్తుంది. నేను పెరట్లో నీళ్ల గాబు పక్కన కూర్చుని రోజూ రుద్దేదాన్ని. ఒక ఆదివారం ఆగలేక, మాస్కు పెట్టుకుని గాబులోకి నడుము దాకా వంగి తల ముంచాను. పచ్చటి పాచి, అడుగున ఒక చెంచా, నా ఊపిరి బుడగలు. ఒక్క చుక్క లోపలికి రాలేదు. తల తీసేసరికి పక్క క్వార్టర్ పిన్నిగారు గోడ మీదుగా చూస్తూ ఉంది.

"ఏందమ్మా, ఏమన్నా పడిందా అందులో?"

"చెంచా పిన్నిగారూ" అన్నాను. చెంచా తీసి చూపించాను.

ఫిబ్రవరిలో రెండో శనివారం, ఆదివారం కలిసొచ్చాయి. విశాఖపట్నం మళ్లీ వెళ్లాం. మెట్టెలు పర్సులో వేసుకుని జిప్ పెట్టుకున్నాం. రెగ్యులేటర్లు అద్దెవైనా శుభ్రంగా ఉన్నాయి. మా కళ్లముందే పరీక్షించి ఇచ్చారు. పడవ అంచు మీద కూర్చుని మాస్కు పట్టీ రెండుసార్లు సరిచూసుకున్నాను. భయమో, తొందరో తెలియదు. నేర్పినట్టే వెనక్కి వాలి నీళ్లలోకి పడ్డాం.

నీరు అనుకున్నంత తేటగా లేదు. చెయ్యి చాపినదానికి కొంచెం అవతల అంతా పచ్చటి మసక. దిగుతూ ఉంటే మా ఆడపడుచు మొహం, దాని వెనక బండరాళ్లు కనిపించాయి. ఆమె వేలితో ఇసుక చూపించింది. నాకేమీ కనిపించలేదు. ఇంకా దగ్గరికి వెళ్లాను. ఇసుకలోంచి ఒక కన్ను నన్ను చూస్తోంది. పళ్లెమంత చదునుగా, కొరడాలాంటి తోకతో ఉన్న టేకు చేప, ఒంటి మీద ఇసుక కప్పుకుని పడుకుని ఉంది. నేను కదల్లేదు, అదీ కదల్లేదు. నెలల తరబడి ఒకచోట నిలవని నేను, దాని ముందు ఎంతసేపున్నానో నాకే తెలియదు. ముఖం మీద మాస్కు ఉందన్న సంగతి గుర్తు రాలేదు. ఉన్నట్టుండి ఇసుక లేచింది, అది వెళ్లిపోయింది.

పైకొచ్చి పడవ నిచ్చెన పట్టుకోగానే ఆడపడుచు నోట్లోంచి రెగ్యులేటర్ తీసి, "మళ్లీ ఎప్పుడొద్దాం?" అంది. ఇంకా పడవైనా ఎక్కలేదు. నేనూ అదే అడగబోతున్నాను.

సోమవారం ఇంటికొచ్చేసరికి మా ఇద్దరి ముఖాల మీదా మాస్కు అంచు ముద్ర ఎర్రగా ఉంది. మా అత్తగారు వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. మమ్మల్ని ఎగాదిగా చూసి, "చేపలేమన్నా తెచ్చారా?" అని అడిగింది.

"లేదత్తయ్యా."

"అంత దూరం పోయీ?" అని ఆవిడ మళ్లీ చింతపండులో పడింది. మా ఆడపడుచు పక్కన కూర్చుని ఆమెకు టేకు చేప గురించి చెప్పడం మొదలుపెట్టింది. నేను కాలేజీకి చీర మార్చుకుని బస్సు కోసం నడిచాను. స్టాపులో నిలబడలేక, తర్వాతి స్టాపు దాకా నడుద్దామని బయలుదేరాను.