ఉచితం అంటే ఊరుకోని హెర్బెన్

హెర్బెన్ గారి ముందు ‘ఉచితం’ అన్న మాట అనకూడదు. అంటే ఆ పూటకి మన పని అయిపోయినట్టే.

హేగ్‌లో దేశాదాయం లెక్కగట్టే ఆఫీసు మాది. అందులో బ్యాంకుల లెక్క ఆయనది. బ్యాంకు మన డబ్బు దాచిపెడుతుంది, అడిగిన చోటికి పంపుతుంది, చాలా పనులకు బిల్లు వేయదు. ఆ బిల్లు లేని సేవల విలువ తేల్చడమే ఆయన ఉద్యోగం. ఇంటికెళ్లినా ఆయన ఆ ఉద్యోగం మానేవారు కాదు.

ఒకసారి చెప్పుల కొట్టులో అమ్మాయి, “రెండు జతలు కొంటే మూడోది ఉచితం సార్” అంది.

“ఉచితమా? దాని ధర ఎక్కడ దాచారమ్మా, ఎడమ కాలి చెప్పులోనా, కుడి కాలి దాంట్లోనా?”

చివరికి యజమానే వచ్చి వీధి తలుపు తీసి పట్టుకున్నాడు.

హెర్బెన్ గారి ఆవిడ అయితే నెత్తి కొట్టుకునేది. “పెళ్లిరోజు కదా అని ముద్దు పెట్టబోతే, ‘గిన్నెలు తోమాలా?’ అన్నాడమ్మా ఈ మహానుభావుడు!”

స్నేక్ ఊళ్లో మా బౌక్యే అత్త పనిచేసే బ్యాంకు కౌంటరు మూసేస్తున్నారు. వీడ్కోలు విందుకి తను రానని అత్త మొండికేసింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ సంగతి చెప్పాను.

“మేనేజరు రుట్‌గర్ అన్నాడట, ‘కౌంటరు సేవ ఉచితం కదా బౌక్యే, దానివల్ల బ్యాంకుకి చిల్లిగవ్వ రాదు’ అని. బతుకంతా దండగ చేశానని అత్త ఒకటే ఏడుపు.”

హెర్బెన్ గారు చీజు రొట్టె కింద పెట్టేశారు. “స్నేక్‌కి రైలు ఎన్నింటికి?”

ఎవరూ పిలవకపోయినా ఆ విందుకి నా వెంట వచ్చేశారు. నేను బతిమాలితే అత్త కూడా వచ్చింది కానీ, కోటు విప్పకుండా గుమ్మంలోనే నిలబడింది. ఆయన తిన్నగా ఆమె దగ్గరికే వెళ్లారు.

“అప్పిస్తే మీ బ్యాంకు వడ్డీ ఎంతమ్మా?”

“నూటికి నాలుగు.”

“దాచుకున్నవాళ్లకి ఇచ్చేది?”

“ఒకటి.”

“బ్యాంకులు తమలో తాము ఇచ్చిపుచ్చుకునే వడ్డీ రెండున్నర అనుకోండి. దాచుకున్నవాడు ఒకటిన్నర వదులుకున్నాడు, అప్పు తీసుకున్నవాడు ఒకటిన్నర ఎక్కువిచ్చాడు. వాళ్లకేం పిచ్చా? ఇక్కడ మీరున్నారని! ఆ తేడాయే మీ సేవకి ధర. ఏటా దాన్ని దేశాదాయంలో కలిపేది నేనే.”

అత్త కళ్లు పెద్దవయ్యాయి. “అయితే నేను... అందులో ఉన్నానా?”

“చేరిన ఏడాది నుంచీ ఉన్నారు. కాకపోతే తక్కువ వేశాం. ముసలాళ్ల మోకాళ్ల నొప్పులు మీరు ఓపిగ్గా విన్నది మా లెక్కకి అందదు. ఆ లోటు మాది, క్షమించాలి.”

ఇన్నాళ్లూ ఆయన ధరలు వెతుకుతున్నారనుకున్నాం. వాటి వెనకాల మనుషుల్ని వెతుకుతున్నారని నాకప్పుడు తెలిసింది.

అత్త కోటు విప్పి మేనేజరు చేతికిచ్చింది.

“విన్నావా రుట్‌గర్? దేశాదాయంలో ఉన్నదాన్ని. ఆ కేకు పెద్ద ముక్క ఇటు పట్రా!”