నేను మళ్లీ బడి గుమ్మం ఎక్కిన శనివారం

మా చిన్నతనంలో బడి ఎగ్గొడితే అమ్మా వెతికేది కాదు, నాన్నా వెతికేవాడు కాదు... మాస్టారు నలుగురు పెద్ద పిల్లల్ని పంపేవారు. ఇద్దరు చేతులు, ఇద్దరు కాళ్లు పట్టుకుని మూటలా మోసుకుపోయేవారు. దారి పొడుగునా ఊరంతా చూసి నవ్వేది.

మాది నౌపడ దగ్గర ఉప్పు మళ్ల పల్లె. అప్పుడు నాది ఐదో తరగతి. పంతొమ్మిదో ఎక్కం నోటికి రాలేదు... రాకపోతే కోదండమే. అంటే దూలం పట్టుకుని వేలాడాలి, కింద కాళ్లకి బెత్తం దెబ్బలు. ఆ భయానికి పొద్దున్నే పలక పారేసి మళ్ల వైపు పరుగెట్టాను.

గట్టు మీద పోతే కనబడతానని, అప్పుడే ఉప్పు పేరుకుంటున్న మడిలోకి దిగిపోయాను! తొక్కితే అడుగు బురద లేచి ఉప్పంతా పాడైపోతుంది, ఉప్పు మళ్లలో పుట్టినవాడెవడూ చెయ్యని పని అది. అవతల ఉప్పు కుప్ప మీద కప్పిన తాటాకుల కింద దూరి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. కాలి పగుళ్లలో ఉప్పు మంట.

"ఒరే, తెల్లటి మడిలో నల్లటి అడుగులు సూడండ్రా! దొంగ ఇక్కడే ఉన్నాడు!"

అంతే... పెద్ద పిల్లలు నలుగురూ మోసుకుపోయారు. మాస్టారు దూలానికి వేలాడదీశారు. భయానికి లాగు తడిపేసుకున్నాను. తరగతంతా నవ్వింది.

సాయంత్రం మా నాన్న పాడైన మడి చూసి ఒక్క మాటే అన్నాడు. "సాల్రా నీ సదువు. రేపట్నుంచి మడికి రా."

ఆ తర్వాత ఏ బడి గుమ్మమూ తొక్కలేదు నేను. లేకలేక పుట్టిన మా కూతురు పార్వతిని బళ్లో వేసిన రోజు కూడా మా ఆవిడే లోపలికి వెళ్లింది. నేను గేటు బయట నిలబడిపోయాను.

ఆ పార్వతే ఇప్పుడు టెక్కలి కాలేజీలో విద్యార్థి నాయకురాలు! నా తల్లి... నా సంతోషం రాయడానికి ఐదో తరగతి చదువు చాలదు. తోటివాళ్లని వెంటేసుకుని పల్లె బడులన్నీ తిరుగుతోంది. కూలోళ్ల పిల్లలకైనా ఆఫీసర్ల పిల్లలకైనా ఒకే మంచి చదువుండాలని, బట్టీ పట్టడం కాదు, చేతులతో చేసి నేర్చుకోవాలని అందరితో పోట్లాడుతోంది.

మొన్న వచ్చి, "నాన్నా, శనివారం మన బళ్లో ఉప్పు పాఠం నువ్వే సెప్పాల" అంది.

"ఒసే, నాకేటొచ్చే? నన్ను నవ్వులపాలు సేస్తావేటే!"

"మడి గురించి నీకు తెలిసినంత మాస్టర్లకి తెల్దు. రావాల, అంతే."

శుక్రవారమంతా అన్నం దిగలేదు. శనివారం కూతురి చెయ్యి పట్టుకుని గేటు దాటి లోపలికి నడిచాను. ముందు పైకప్పే చూశాను. దూలం లేదు, శ్లాబు ఉంది. అయినా భయం పోలేదు.

పిల్లలు పళ్లేల్లో ఉప్పునీళ్లు పోసుకుని చుట్టూ కూర్చున్నారు. ముందున్న చిన్న పిల్ల అడిగింది.

"తాతా, సేతులెందుకు వణుకుతన్నాయి?"

"బయమేస్తందమ్మా."

"ఎవులంటే?"

చుట్టూ చూశాను... చూపించడానికి ఒక్కరూ లేరు!

అప్పుడు మొదలెట్టాను చూడండి... భోజనం గంట కొట్టినా పిల్లలు నన్ను వదల్లేదు. మా పార్వతి వెనకాల నిలబడి కళ్లు తుడుచుకుంది.

ఇలాంటి బడి మనకి దొరకలేదు... భయంతో చదువు వదిలేసినవాళ్లు మీలోనూ ఉంటారు. ఏ తరగతిలో మానేశారో కింద రాయండి. సిగ్గేం వద్దు... నేను ముందే రాసేశాను కదా!