నా షాటుకు అడ్డొచ్చే చెయ్యి

బాస్కెట్‌బాల్ ఆడి జీతం తీసుకున్నవాణ్ని నేను. ఆట చూసి ఉద్యోగం ఇచ్చారు. ఆఫీసులో నా కుర్చీ ఎక్కడుందో కూడా తెలియకుండా చాలా ఏళ్లు ఆ ఉద్యోగం వెలగబెట్టాను. రిటైరై తిరుపతికి వచ్చాక, నా మోకాలు చూసిన డాక్టరు మెట్లు ఎక్కవద్దన్నాడు. ఎగరవద్దని ఆయన అనలేదు, నేనూ అడగలేదు. ఆ సందు చాలనుకుని పొద్దున్నే కాలనీ వెనకున్న సిమెంటు కోర్టుకు పోయి ఒక్కణ్నే షాట్లు వేసుకునేవాణ్ని.

ఎదుట మనిషి లేని ఆటంటే నాకు ఉప్పులేని సంగటి. అయినా ఇంట్లో కూర్చోవడం కంటే నయమే కదా అనుకున్నాను.

మొదట తుంటి మీద చెయ్యి తెలిసింది. రింగుకు వీపు పెట్టి బంతి పట్టుకుని నిలబడితే, ఎడమ పక్కన వేళ్ల కణుపులు ఆనినట్టయింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. ఎండ బోర్డు మీదికి ఎక్కుతోంది, గోడ మీద కాకి ఉంది, అంతే. మర్నాడు అదే వేళకు మళ్లీ ఆనింది. ఈసారి చెవి వెనక ఊపిరి కూడా వినిపించింది. విరిగి అతుక్కున్న ముక్కులోంచి వచ్చే సన్నటి ఈల. ఆ ఈల నాకు తెలుసు.

వాడు శ్రీకాళహస్తి మనిషి, వేరే ఆఫీసు జట్టు. చిత్తూరు మైదానాల్లో మీసాలు రాకముందు నుంచి, ఎక్కడ ఆడినా నన్ను ఆపే పని వాడికే అప్పజెప్పేవారు. అందరూ కుడి చెయ్యి లేపితే వాడు ఎడమ చెయ్యి లేపేవాడు. నా కుడిచేతి షాటుకు అది సరిగ్గా అడ్డం. ఆ చేతిని దాటించడానికే నేను బంతిని అంత ఎత్తుకు వేయడం నేర్చుకున్నాను. మేమిద్దరం ఏనాడూ కలిసి కాఫీ కూడా తాగలేదు. వాడంటే నాకు గిట్టదు. కానీ వాడు ఎదుట లేనినాడు నేను బాగా ఆడిందీ లేదు.

షాటు వేస్తే బంతి గాలిలో వెనక్కి తిరుగుతూ పోవాలి. దారిలో ఎవరి వేలు తగిలినా ఆ తిరగడం ఆగిపోతుంది. ఆ పొద్దు నా బంతి సగం దారిలో తిరగడం మానేసి, చచ్చినట్టు రింగు ముందు పడింది. గేటు దగ్గర బీడీ కాల్చుకుంటున్న వాచ్‌మన్ లేచి వచ్చాడు.

"ఏం సార్, ఎవుర్నో తప్పించుకుంటా ఆడతా ఉండావు? ఈడ నువ్వు తప్ప ఎవురూ లేరే!"

ఆ శ్రీకాళహస్తివాడు చచ్చిపోయాడనీ, దయ్యమై నన్ను పట్టుకున్నాడనీ అనుకున్నాను. మోకాలు వాచి రెండు రోజులు కోర్టు మొహం చూడలేదు. మూడో రోజు బస్సెక్కి శ్రీకాళహస్తి పోయాను. దండ వేసిన ఫోటో చూసి, ఒక దండం పెట్టి, ఇక వదిలెయ్యరా నాయనా అని చెప్పి రావాలని నా ఉద్దేశం.

వాడి భార్య కలంకారీ పని చేస్తుంది. ఇల్లంతా గుడ్డకు పట్టించే కరక్కాయ, పాల వాసన. ఆరేసిన గుడ్డల మధ్యనుంచి నన్ను లోపలి గదికి తీసుకుపోయింది. అక్కడ ఫోటో లేదు. మంచం మీద వాడున్నాడు, ప్రాణంతో.

"కుడిపక్క పడిపోయిందన్నా, మాటా పోయింది" అందామె. "ఎడం సెయ్యి బాగుండాది గానీ నీళ్లకు గూడా ఎత్తడు. కదిలించకపోతే అదీ బిగుసుకుపోతాదని డాక్టరు అంటాడు. పొద్దున ఎండ కిటికీ కాడికొచ్చే తలికి మాత్రం, ఎవురో పిలిసినట్ట పైకెత్తుతాడు. మళ్లా మళ్లా ఎత్తుతాడు. నిన్నా మొన్నా ఎందుకో ఎత్తలేదు. ఈ పొద్దూ లేదు."

నేను తలుపు చెక్క పట్టుకున్నాను. వాడు నన్ను చూశాడు. మొహం కాదు, నడుము చూశాడు. మొహంతో ఎవడైనా మోసం చేస్తాడు, నడుము ఎటు తిరిగితే మనిషి అటే పోవాలి. మంచి డిఫెండరు చూసేది దాన్నే. ఆ చూపుకు నా ఎడమ తుంటి జిల్లుమంది.

ఆమెకు ఏమీ చెప్పలేదు. చెప్తే పిచ్చివాడనుకుంటుంది. పొద్దున చెయ్యి ఎత్తాడో లేదో రోజూ ఒక ఫోను చేసి చెప్పమ్మా అని మాత్రం అడిగాను. మర్నాడు మోకాలికి గుడ్డ చుట్టుకుని కోర్టుకు పోయాను. కణుపులు ఆనాయి. ఇంటికి రాగానే ఫోను వచ్చింది.

"ఎత్తినాడన్నా!"

నా మోకాలు ఆగితే ఆ చెయ్యి ఆగుతుందని నాకు అర్థమైంది. కుంటుకుంటూనే పోయేవాణ్ని. భయం పోలేదు, కానీ దాని పక్కన జాలి కూడా వచ్చి కూర్చుంది. ఆ జాలితోనే ఒకరోజు, పాపం ఒక్కసారి గెలవనీ అనుకుని బంతిని కావాలనే కిందుగా, వాడి చేతికి అందేట్టు వేశాను. ఏదీ తగల్లేదు. బంతి చక్కగా తిరుగుతూ పోయి ఉత్తినే రింగు ముందు పడింది. తుంటి మీద చెయ్యి లేదు. వెనక ఈల లేదు. కోర్టు అంత ఖాళీగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

ఇంటికి రాగానే ఆమె ఫోను వచ్చింది. "సెయ్యి సగం ఎత్తి దించేసినాడన్నా. గోడ పక్కకు మొగం తిప్పుకున్నాడు. జావ పోస్తే మింగలేదు. ఎవురో తిట్టినట్ట ఉండాడు."

తిట్టింది నేనే. నామీద జాలిపడి ఎవరైనా అట్లా షాటు వదిలిపెట్టి ఉంటే బంతి తీసి వాడి మొహాన కొట్టి ఉండేవాణ్ని. వాడికి మాత్రం మానం ఉండదా? ఆ రోజంతా నాకూ ముద్ద దిగలేదు.

మర్నాడు పోయి రింగుకు వీపు పెట్టి నిలబడ్డాను. ఏమీ లేదు. ఎండ బోర్డు దాటి పైకి పోయింది. ఆ చెయ్యి ఇక లేవదేమో, దాన్ని బిగించింది నేనేనేమో అనుకున్నాను.

"రాప్పా" అన్నాను పైకే. "ఈసారి నిజంగా ఆడతాను."

వాచ్‌మన్ బీడీ పారేసి గేటు అవతలికి పోయాడు.

కణుపులు ఆనాయి. ఎప్పటికన్నా గట్టిగా, నొప్పి పుట్టేట్టు. కుడికి ఊగి, ఎడమకు తిరిగి, మోకాలి సంగతి మర్చిపోయి ఎగిరాను. ఎంత ఎత్తుకు వేయగలనో అంత ఎత్తుకు వేశాను. పైన, సగం దారిలో, బంతి తిరగడం ఆగిపోయింది. రింగు అంచుకు తగిలి బయట పడింది.

ఆపాడు. ఆ షాటు కూడా ఆపాడు! నాకు ఒళ్లు మండిపోయింది. జేబులో ఫోను మోగుతోంది. మోగనీ అని, కుంటుకుంటూ పోయి బంతి తెచ్చుకుని మళ్లీ వీపు పెట్టి నిలబడ్డాను.