చిట్టెలుక పేగులో చోటు

ఆదివారం ఆరాధన ముగిసే వేళకు పాస్టరు గారు కళ్ళు మూసుకొనే, "మన సహోదరి ఎమిలీ కూతురి పని సఫలం కావాలని ప్రార్థన చేద్దాం. ఆమె చేతి కింద ఉన్న ఎలుకల కొరకు కూడా చేద్దాం" అన్నారు. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. దేవకృప ముసుగు ఇంకాస్త ముందుకు లాక్కుంది.

బోయిగూడ సందుల్లోంచి ఇంటికి నడుస్తూ తల్లిని నిలదీసింది.

"ఎలుకల ముచ్చట పాస్టరు గారికెందుకు చెప్పినవమ్మా?"

"మరి నీ తక్లీఫ్ ఎవరికి చెప్పాలె బిడ్డా? నీతోటి చదివినోళ్ళంత నౌకర్లల్ల చేరిండ్రు. నువ్వు ఆ ఎలుకల పెంటల ఏం ఎతుకుతున్నవో నాకైతే సమజ్ అయితలేదు. నీకు జవాబు చెప్పాల్సింది గవే కద. అందుకే వాటి కోసం చేయించిన."

కృపకు కోపమొచ్చింది. కానీ తల్లి అన్నదాంట్లో తప్పేముంది? ఆమె వెతుకుతున్నది నిజంగా ఎలుకల పెంటలోనే.

కృప ఒక పరిశోధనా సంస్థలో పీహెచ్‌డీ చేస్తోంది. మన కడుపులోకి రోజూ లెక్కలేనన్ని బాక్టీరియాలు పోతుంటాయి. పోయినవన్నీ అక్కడ నిలవవు. కొన్నే పేగు గోడ పట్టుకుని కాపురం పెడతాయి. ఎందుకు కొన్నే నిలుస్తాయన్నది ఆమె ప్రశ్న. బాక్టీరియా లోపల జన్యువుల నుంచి ఆర్ఎన్ఏ సందేశాలు వెలువడతాయి. కణం వాటిని చదివి ప్రొటీన్లు చేసుకుంటుంది. కృప పట్టుకున్న ఆర్ఎన్ఏ మాత్రం అలాంటిది కాదు. చాలా పొట్టిది. దాన్నుంచి ఏ ప్రొటీనూ పుట్టదు. అది వేరే సందేశాల మీద పడి అతుక్కుంటుంది, వాటిని చదవనివ్వదు. దాని పని అంతే. ఆ అడ్డుపడడంలోనే కాపురం రహస్యం ఉందేమోనని ఆమెకు మొదటినుంచీ అనుమానం.

అందుకని బాక్టీరియాలోంచి ఆ పొట్టి ఆర్ఎన్ఏ జన్యువును తీసేసింది. అది లేని బాక్టీరియా గాజు ఫ్లాస్కులో ఏ లోటూ లేకుండా పెరిగింది. తర్వాత ఉన్నదాన్నీ లేనిదాన్నీ సమంగా కలిపి తెల్ల చిట్టెలుకలకు తాగించింది. రోజూ వాటి పెంటికలు ఏరి, నూరి, ప్లేట్ల మీద పూసింది. ఒక రకం తెల్లచుక్కలుగా, ఇంకో రకం నీలిచుక్కలుగా మొలిచేటట్టు ముందే ఏర్పాటు చేసుకుంది. ఆర్ఎన్ఏ లేనివి నీలివి. వారం తిరక్కముందే ప్లేట్ల మీద నీలిచుక్క కనబడకుండా పోయింది.

ఆమె గైడు డాక్టర్ హరికిషన్ ఆ ప్లేట్లు చూసి లాబ్‌లో అందరికీ మిఠాయి తెప్పించాడు. ఆ నెలలోనే ఒక సదస్సులో చెప్పేశాడు కూడా.

తిప్పలు ఆ తర్వాత షురూ అయ్యాయి. పేపరు పంపాలంటే ప్రయోగం మళ్ళీ చేసి చూపాలి. మళ్ళీ చేస్తే నీలిచుక్కలు పోలేదు. తెల్లవాటితో సమంగా, నిక్షేపంగా ఉన్నాయి. ఇంకోసారి చేసింది. అప్పుడూ అంతే. జన్యువు మళ్ళీ వచ్చి చేరిందేమోనని చూసింది, రాలేదు. నీళ్ళు మార్చింది, బోనులు మార్చింది, బాక్టీరియాను మొదటినుంచీ కొత్తగా తయారుచేసింది.

"ప్రాబ్లమ్ నీ హ్యాండ్లింగ్‌లోనే ఉంది కృపా" అన్నాడు హరికిషన్. "రెండు స్ట్రెయిన్లు, ఆ తెల్లది నీలిది, ఎక్కడో కలుస్తున్నయ్. వేరేవాళ్ళు చేస్తే వస్తదేమో."

వేరేవాళ్ళూ చేశారు. వాళ్ళకూ రాలేదు. ఆ మాట మాత్రం ఆయన వెనక్కి తీసుకోలేదు. ఈలోగా ఫెలోషిప్ గడువు ముగిసింది. కృప పొద్దున్నే ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో జీవశాస్త్రం చెప్పి, అక్కణ్ణుంచి బస్సు పట్టుకుని లాబ్‌కు వచ్చేది. క్లాసులో ఆమె చెప్పే పాఠాల్లో ప్రతి ప్రశ్నకూ నాలుగు జవాబులు, అందులో ఒకటి కచ్చితంగా సరైనది. లాబ్‌కొస్తే ఒక్క జవాబూ లేదు. గ్లవ్స్ తొడుక్కునేటప్పుడు తన చేతుల మీదే తనకు అనుమానం పుట్టేది.

ఒక మధ్యాహ్నం పెంటికలు ఏరుతుండగా ఎలుకల దాణా బిళ్ళ ఒకటి చేతిలో పొడిపొడిగా రాలింది. పాలిపోయిన రంగు, తియ్యటి వాసన. కృప దాన్ని చాలాసేపు చూసింది. మొదటిసారి ప్రయోగం చేసినప్పటి బిళ్ళలు ముదురు గోధుమరంగులో, రాయిలా ఉండేవి. అవి చేతికి గీరుకున్న జ్ఞాపకం ఉంది.

లాబ్‌లో ఎలుకల గది చూసుకునే రాఘవేందర్‌ను పిలిచింది. "రాఘవేందరన్నా, దాణా మారిందా?"

"మారింది కద మేడమ్. పాత కంపెనీ సప్లై బంద్ చేసింది. కొత్తది వచ్చి ఏడాది దాటె. ఎలుకలు ఇష్టంగ తింటున్నయ్. చక్కెర జెర ఎక్కువుంటదట."

"నాకెందుకు చెప్పలే?"

"ఆఫీసుకు చెప్పినం మేడమ్. మీకు సుత చెప్పాలని నాకెవ్వరు చెప్పిండ్రు?"

కృప బయటికొచ్చి మెట్ల మీద కూలబడింది. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఏడాదిగా రోజూ ఆ బోనుల్లో చెయ్యి పెడుతోంది, దాణా బిళ్ళలు పక్కకు జరుపుతోంది. రాఘవేందర్ చెప్పలేదు, ఆఫీసువాళ్ళు చెప్పలేదు. తనూ చూడలేదు.

కొత్త దాణాలోని చక్కెరలో కొంత పేగు అడుగుదాకా దిగుతోందనుకుంటే లెక్క కుదురుతుంది. సులువైన తిండి దొరికినంతకాలం ఆ పొట్టి ఆర్ఎన్ఏతో బాక్టీరియాకు పనే లేదు. ఆ తిండి అయిపోయి, పేగు గోడ జిగురు మీద బతకాల్సి వచ్చినప్పుడే దాని అవసరం. లేని చక్కెర కోసం సరంజామా చేయించే సందేశాలకు అడ్డుపడి, ఉన్నదాంతో బతికే పనికి కణాన్ని మళ్ళిస్తుంది. అది లేని బాక్టీరియా రాని చక్కెర కోసం ఉన్న శక్తంతా ఖర్చుపెట్టుకుని, పక్కదానికి చోటు వదులుకుంటుంది.

హరికిషన్ అంతా విని కుర్చీలో వెనక్కి వాలాడు. "అయితే ఇంకేంది. రెండోది, మూడోది పక్కన పెట్టు. పాత దాణాతో వచ్చిన రిజల్టే పెట్టి పేపర్ పంపిద్దాం. ఏ దాణానో రాస్తాం కద. అబద్ధమైతే కాదు."

"నిజం సగమే అయితది సార్."

"నీ ఫెలోషిప్ అయిపాయె. ఇంకో ఏడాది ఎట్ల గడుపుతవ్?"

"ఇన్ని దినాలు నా చేతులు బాగలేవన్నరు సార్." కృప అక్కడితో ఆగలేదు. "ఇప్పుడు ఆ చేతులు బాగున్నయని చూపించేదాన్నే పక్కన పెట్టమంటున్నరు. నేను పెట్టను. రెండు దాణాలు పక్కపక్కన పెట్టి చేస్త. పేరు మీకే రానీయండి, పని నన్ను చెయ్యనీయండి."

ఆయన తన కాగితాలు దగ్గరకు లాక్కుని, "చెయ్. లేటయితే నన్ననకు" అన్నాడు.

లేటే అయింది. పాత దాణా ఎవరూ తయారుచేయడం లేదు. ఆ పాళ్ళతో చేసిచ్చేవాళ్ళు దొరకడానికి నెలలు పట్టింది. మొదట వచ్చిన బస్తాలు వానలో తడిసి బూజుపట్టాయి, పారబోయాల్సి వచ్చింది. పని ఎంతదాకా వచ్చిందని ఎమిలీ అడగడం మానేసింది. పొద్దున్నే టిఫిన్ డబ్బా కట్టి చేతికిచ్చి తలుపు వేసుకునేది.

చివరికి ప్లేట్లు మాట్లాడాయి. పాత దాణా తిన్న ఎలుకల్లో నీలిచుక్కలు పోయాయి. కొత్తది తిన్నవాటిలో నిలిచాయి. అక్కడితో ఆగకుండా, కొత్త దాణా తింటున్న ఎలుకల్లో సగంవాటికి మధ్యలో పాతది పెట్టింది. అంతదాకా దర్జాగా ఉన్న నీలిచుక్కలు రోజురోజుకూ పలచబడి మాయమయ్యాయి. కృప ఆ ఖాళీ ప్లేటును కిటికీ వెలుతురుకు పెట్టి తిప్పి తిప్పి చూసింది. సంతోషించాలనే అనుకుంది. ఇదే పని దాణా సంచీ మారినప్పుడే చేసి ఉంటే, అన్న ఆలోచనే ముందొచ్చింది.

పేపరు రాస్తుండగానే వేరే దేశంలోని ఒక లాబ్ ఇంకో బాక్టీరియాలో ఇలాంటి సంగతే చూపించి అచ్చువేసుకుంది. హరికిషన్ అనుకున్న పెద్ద పత్రిక వీళ్ళది తిప్పి పంపింది. చిన్న పత్రికలో వచ్చింది. డిగ్రీకి అయితే అది చాలింది.

వైవా రోజు హాలు నిండింది. హరికిషన్ లేచి ముందుమాటగా, "మా లాబ్‌లో ఒక రిజల్ట్ రాకపోతే దాచం. దాణాదాకా పోయి చూస్తాం" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ముందు వరసలో జరీ చీర కట్టుకుని కూర్చున్న ఎమిలీ కూడా కొట్టింది. కృప బల్ల అంచు గట్టిగా పట్టుకుని, తన వంతు వచ్చేదాకా నిలబడింది. తర్వాత మొదటి స్లైడులోనే, రాని ప్రయోగాలన్నీ వరసగా చూపించింది. ఏ ఒక్కటీ వదలలేదు. హరికిషన్ గడియారం చూసుకున్నాడు. ఆమె తొందరపడలేదు.