ఈశాన్యంలో వంటిల్లు

మా ఇంటి వంటిల్లు పదకొండేళ్ళపాటు ఈశాన్య మూలలో ఉండేది. వాస్తు పట్టించుకునేవాళ్ళు ఆ మూలలో పొయ్యి పెట్టరు. నేను ఏరికోరి అక్కడే పెట్టించాను. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రి, "వంటిల్లు ఆగ్నేయంలో పెట్టుకోండి సార్, రేపు అమ్మాలన్నా విలువ ఉంటాది" అన్నాడు. "ఈ ఇంటిని నిలబెట్టేది దేవుడు, దిక్కులు కాదు" అన్నాను. ఆ జవాబు నాకే బాగా నచ్చింది. తర్వాత మా చర్చి సంఘంలో ఎవరి గృహప్రతిష్ఠ జరిగినా, సాక్ష్యం చెప్పమనగానే లేచి ఈ సంగతే చెప్పేవాణ్ణి. అందరూ స్తోత్రం అనేవారు. నాకు తృప్తిగా ఉండేది.

మా ఊరు నెల్లూరు నుంచి సముద్రానికి పోయే దారిలో ఉంది. ఎండాకాలం మధ్యాహ్నం దాటితే తూర్పుగాలి, వానలప్పుడు ఈశాన్యపు గాలి. రెండూ వంటింటి కిటికీలోంచి దూరి, పొయ్యి మీదుగా నేరుగా హాల్లోకి వచ్చేవి. పోపులో ఎండుమిరపకాయ పడితే ఇల్లంతా దగ్గేది. పిల్లలూ నేనూ వరండాలోకి పోయేవాళ్ళం. నా భార్య మాత్రం గరిటె వదిలి రాలేదు కదా. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించాను. ఆ గాలికి ఎదురు అదేం తోస్తుంది? ఉప్పుగాలికి రెండేళ్ళలో తుప్పు పట్టి ఆగిపోయింది.

శుక్రవారం సాయంత్రాలు మా ఇంట్లోనే ప్రార్థన కూడిక. పాట ఎత్తుకునేది నా భార్యే. క్రమంగా రెండో చరణానికే దగ్గు తెర వచ్చేది. ఆ తర్వాత పల్లవి ఎత్తి ఇచ్చి ఆగిపోయేది. చివరికి గోడవారన కూర్చుని చేత్తో తాళం మాత్రం వేసేది. నెల్లూరు డాక్టరు గారు మందు రాసి, "పోపు ఘాటుకు దూరంగా ఉండమ్మా" అన్నారు. బస్సులో వస్తూ ఆమె, "వంటిల్లు మేస్త్రి చెప్పిన మూలకి, ఆ సామాన్ల గదిలోకి మార్చుకుంటే?" అంది. సంఘం ఏమనుకుంటుందో అన్నాను. మళ్ళీ అడగలేదు.

పెద్దమ్మాయికి నెల్లూరులో కాలేజీ సీటు రావడంతో, ఈ ఇల్లు అమ్మి అక్కడ ఫ్లాటు కొందామని అనుకున్నాం. బ్రోకరు వచ్చి ఇల్లంతా తిరిగాడు. గోడలకు పుట్టీ పెట్టి రంగులు వేయించమన్నాడు. పడకగదికి అటాచ్డ్ బాత్‌రూం, హాల్లో పెద్ద టైల్సు, తుప్పు పట్టిన గేటు తీసేసి స్టీలు గేటు. అన్నీ చేయించాను. చివరగా బ్రోకరు మళ్ళీ వచ్చి చూసి, వంటింటి గుమ్మంలో నిలబడి తల గోక్కున్నాడు.

"ఇది మార్చకపోతే మిగతాది ఎంత చేసినా దండగ సార్."

"అదొక్కటి మాత్రం అడగొద్దు" అన్నాను.

ఇల్లు చూడడానికి కోవూరు నుంచి ఒక కుటుంబం వచ్చింది. గేటు బాగుందన్నారు, బాత్‌రూం కుళాయిలు తిప్పి చూశారు. వాళ్ళలో పెద్దావిడ వంటింట్లోకి పోయి, "ఇదేందిరా, ఈశాన్యంలో మంటా!" అంది. నా భార్య కలిపి తెచ్చిన కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు. రెండో కుటుంబం కాఫీ తాగి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఆమె వరండాలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. పక్కన కూర్చుని, "అమ్మాలంటే వంటిల్లు మార్చక తప్పదేమో" అన్నాను.

ఆమె చెయ్యి ఆగింది. "కొనేవాళ్ళ కోసం మారుస్తారా?"

"ఏం చేస్తాం, ఎవరూ రావడం లేదు గదా."

"పదకొండేళ్ళు నేను దగ్గతా ఉంటే మారలేదే ఆ మూల!"

"అది మన సాక్ష్యం గదా."

"ఏం సాక్ష్యమండీ? మీరేమన్నా వాస్తు చూడకుండా కట్టినారా? చూసే కట్టినారు. తిరగేసి చూసినారు, అంతే."

కోపంగా అనలేదు. మళ్ళీ కాయ అందుకుంది. విగ్రహాలకు అర్పించిన మాంసం గురించి బైబిల్లో అపొస్తలుడు రాసిన భాగం సంఘంలో ఎన్నోసార్లు బోధించినవాణ్ణి నేను. విగ్రహం వట్టిదని ఎరిగినవాడు దానికి భయపడడు, దానితో పంతానికీ పోడు. నేను పంతానికే పోయాను. దిక్కుల్ని కాదన్నానని చెప్పుకుంటూ, ఇల్లంతా ఒక దిక్కు చుట్టూనే కట్టాను. ఆ పంతానికి పొగ పీల్చింది ఆమె. రాత్రి ప్రార్థనలో ముందు దేవుణ్ణి, తర్వాత ఆమెను క్షమాపణ అడిగాను. "సరేలెండి, మేస్త్రిని పిలవండి" అంది.

పాత మేస్త్రే వచ్చాడు. వాస్తు మాట ఎత్తుతాడనుకున్నాను. వేలు తడిపి కిటికీ దగ్గర పెట్టి చూశాడు. "ఆ మూల సామాన్ల గదికి తూర్పొక కిటికీ, దక్షిణమొక కిటికీ పెడదాం సార్. వచ్చిన గాలి వచ్చినట్టే బయటికి పోతాది, హాల్లోకి రాదు. నేను అప్పుడు చెప్పాల్సింది ఇది. ఊరికే విలువ, విలువ అన్నాను." నెలలోపే గ్రానైటు గట్టు, చిమ్నీ, కొత్త వంటిల్లు. పాత వంటిల్లు ఇప్పుడు నేను బైబిలు చదువుకునే గది. అక్కడికి గాలి ధారాళంగా వస్తుంది.

తర్వాతి శుక్రవారం కూడికలో లేచి, ఇన్నేళ్ళూ చెప్పిన సాక్ష్యాన్ని వెనక్కి తీసుకున్నాను. "అది విశ్వాసం కాదు, గర్వం" అన్నాను. ముందు వరసలోని ముసలమ్మ ముక్కు మీద వేలేసుకుంది.

"అయ్యో అయ్యా! మీ మాట విని మావాడు కూడా ఈశాన్యంలోనే పెట్టినాడే వంటిల్లు! నా కోడలు రోజూ మిమ్మల్ని తలుచుకుంటా దగ్గతా ఉండాది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ ముఖం వేడెక్కింది. మరునాడే మేస్త్రిని వాళ్ళింటికి తీసుకెళ్ళాను.

రెండు నెలల తర్వాత బ్రోకరు ఫోన్ చేశాడు. వంటిల్లు మారిందని తెలిసి కోవూరువాళ్ళు మళ్ళీ అడుగుతున్నారట. "ఇప్పుడు మంచి విలువ వస్తాది సార్. ఆలస్యం చేయొద్దు."

"అడిగి చెప్తాను."

"ఇంకెవర్ని అడగాల సార్? ఇల్లు మీదే గదా!"

ఫోన్ పట్టుకునే వంటింటి గుమ్మం దాకా వెళ్ళాను. ఆమె చేపల పులుసుకు పోపు వేస్తోంది. ఎండుమిరపకాయలు నూనెలో చిటపటలాడుతున్నాయి. సంగతి చెప్పాను.

"అమ్మాయి బస్సులో పోయి వస్తా ఉంది గదా, అట్నే పోయి రానీండి" అంది, గరిటె తిప్పుతూ. ఆ తర్వాత, శుక్రవారం కూడికకు అనుకున్న పాట అందుకుంది. రెండో చరణం దాటి మూడోదానిలోకి వెళ్ళింది. అది పూర్తయ్యేదాకా ఆగి, బ్రోకరుకు ఇల్లు అమ్మడం లేదని చెప్పాను.